చేతుల కుర్చీ ఉన్న కాఫీ షాపు

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ గడియారం స్తంభం నుంచి ప్రకాశం బజారు వైపు పోయే సందుల్లో ఒకదానిలో ఏడాది క్రితం చిన్న కాఫీ షాపు ఒకటి తెరిచారు. పేరు రాస్తే ప్రకటన అవుతుంది కనుక రాయడం లేదు. ఆ షాపులో ఉన్న ఒక కుర్చీ గురించి రాయాలని నెల రోజులుగా అనుకుంటున్నాను. అలాంటి కుర్చీ మన జిల్లాలో మనుషులు వేచి ఉండే ప్రతి చోటా ఒక్కటైనా ఉండాలన్నది నా విన్నపం. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి, ఓపిక పట్టి చదవమని కోరుతున్నాను.

నేను ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పాను. అందులో పదకొండేళ్ళు మర్రిగూడ, మునుగోడు మండలాల్లోనే గడిచాయి. రిటైరై మూడేళ్ళయింది. మా వారు పోయిన తర్వాత రామగిరిలోని ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ప్రతి గురువారం బ్యాంకు పనో మందుల పనో పెట్టుకుని బజారుకు వస్తాను. పని అరగంటలో అయిపోతుంది. ఇంటికి వెళ్ళి తలుపు తీస్తే మాట్లాడే మనిషి ఉండదు కనుక, ఏదో ఒక దుకాణం ముందు ఇంకాసేపు నిలబడతాను.

మొన్న జూన్‌లో అలాంటి గురువారమే వాన పట్టుకుంది. గొడుగు తెచ్చుకోలేదు. ఎదురుగా కనపడిన రేకు కిందికి పరుగెత్తాను. లోపలి నుంచి ఒక అమ్మాయి తలుపు తీసి, "తడుస్తున్నారు మేడమ్, లోపలికి రండి. ఏమీ తీసుకోకపోయినా పర్వాలేదు, కూర్చోండి" అంది.

అరవై నాలుగేళ్ళ వయసులో, ఇన్నేళ్ళు బతికిన ఊళ్ళో, ఒంటరిగా హోటల్లో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. ఈ తరం పిల్లలు నమ్మరు గానీ, మా రోజుల్లో ఆడవాళ్ళు హోటలుకు వెళితే లోపల పచ్చని పరదా కట్టిన గదిలోనే కూర్చోవాలి. జీతం వచ్చిన రోజు మా వారు నన్ను అలాంటి గదికే తీసుకువెళ్ళేవారు. పరదా అవతల మగవాళ్ళు గలగలా మాట్లాడుకుంటుంటే మేము గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం. ఆయన లేకుండా అందులోకి నేనెప్పుడూ అడుగుపెట్టలేదు. కొలీగ్స్‌తో కలిసి వెళ్ళినా నిలబడి టీ తాగి వచ్చేసేవాళ్ళం. ఫలానా చోట కూర్చోవద్దని నాకెవరూ చెప్పలేదు. కూర్చోవచ్చని కూడా ఎవరూ అనలేదు. ఆ అమ్మాయి అంది.

షాపు పెద్దదేమీ కాదు. అయిదు బల్లలు. కూల్చేసిన పాత ఇంటి టేకు తలుపును అడ్డంగా పడుకోబెట్టి, కాళ్ళు బిగించి పెద్ద బల్లగా చేశారు. తలుపుకున్న ఇత్తడి గొలుసు ఇంకా అలాగే ఉంది, దాన్ని చేత్తో ఆడిస్తూ కూర్చున్నాను. ఒక మూల మెడికల్ కాలేజీ పిల్లలు ఇద్దరు లావుపాటి పుస్తకం మీద తలలు ఆనించి చదువుకుంటున్నారు. గుమ్మం దగ్గర ఒక పెద్దాయన పత్రికలో పదకేళి పూరిస్తున్నారు. పాట లేదు, టీవీ లేదు. బయట వాన చప్పుడు, లోపల పాలు మరిగే చప్పుడు.

ఆ అమ్మాయి వచ్చి ఏం కావాలని అడిగితే, ధర కంటే ముందు నేను అడిగిన మాట, "నీళ్ళు ఎక్కడివమ్మా?" అని.

నల్లగొండ జిల్లా వాళ్ళకు ఈ ప్రశ్న కొత్త కాదు. పెళ్ళికి వెళ్ళినా, చావుకు వెళ్ళినా, చుట్టాలింటికి వెళ్ళినా గ్లాసు చేతికి వచ్చేసరికి మా నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే. ఆ అమ్మాయి తడుముకోకుండా చెప్పింది: "కృష్ణ నీళ్ళే మేడమ్. వడగట్టి వాడతాం. బోరు నీళ్ళు పోస్తే మెషిన్లో సున్నపు పెచ్చు కడుతుంది, కాఫీ చప్పబడుతుంది. అయినా మా ఇంట్లో బోరు నీళ్ళతో ఏమీ చేయం."

ఆ చివరి మాట ఆమె గట్టిగా అంది. ఎందుకంత గట్టిగా అందో నాకు తర్వాత తెలిసింది.

ఫిల్టర్ కాఫీ నలభై రూపాయలు. పది పదిహేను రూపాయలకు టీ దొరికే ఊళ్ళో ఇది దుబారా అనేవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. లెక్కల టీచర్ని కనుక నేనూ లెక్క వేశాను. నేను అక్కడ గంటా పది నిమిషాలు కూర్చున్నాను. ఒక్కరు కూడా బిల్లు తెచ్చి ముందు పెట్టలేదు, బల్ల తుడుస్తున్నట్టు వచ్చి లేవమన్నట్టు నిలబడలేదు. వెన్ను ఆనించి, తల తుడుచుకుని, భయం లేకుండా కూర్చున్న గంటకు నలభై రూపాయలు నాకు ఎక్కువ అనిపించలేదు.

కాఫీ మాట కూడా చెప్పాలి. నేను పుట్టింది మిర్యాలగూడలో. 1967లో సాగర్ నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద భూములు కొనుక్కుని కృష్ణా జిల్లా నుంచి వచ్చిన వాళ్ళ ఇల్లు మా పక్కనే ఉండేది. వాళ్ళింట్లో ఇత్తడి ఫిల్టర్ ఉండేది. మా ఇంట్లో టీయే, కాఫీ అంటే జ్వరం వచ్చినప్పుడు తాగేది. పదేళ్ళ పిల్లను, పొద్దున్నే వాళ్ళ వంటింటి గడప మీద కూర్చుని, పై గిన్నెలోంచి కింది గిన్నెలోకి డికాక్షన్ బొట్టు బొట్టుగా దిగడం వింటూ ఉండేదాన్ని. మూత తీస్తే వాసన గుప్పుమనేది. ఆ వాసన యాభై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఈ షాపులో తగిలింది. అరకు గింజలు తెప్పించి తామే పొడి చేస్తారట. చికోరీ అనే వేరు పొడి కలిపిన రకం కావాలంటే పొట్లం మీద పాళ్ళు చూపించి ఇస్తుంది. అలాంటి పొడిలో కాఫీ వంతు నూటికి యాభై ఒకటికి తగ్గకూడదని నిబంధన ఉందని ఆ అమ్మాయి చెబితేనే తెలిసింది. నాకు చికోరీ లేనిదే నచ్చింది.

తర్వాత ప్రతి గురువారం అక్కడికి వెళ్ళడం అలవాటైంది. మూడో వారమో నాలుగో వారమో, నేను కూర్చుని ఉండగా ఒకతను వచ్చాడు. మెట్టు ఎక్కి ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో పిలిస్తే మెడ తిప్పలేదు, ఒళ్ళంతా తిప్పి చూశాడు. నడుము వంగదు, మోకాళ్ళు పూర్తిగా చాపుకోవు. డెబ్బై ఏళ్ళ మనిషి అనుకున్నాను. నన్ను చూసి, "నమస్తే మేడమ్" అన్నాడు. ఎవరో గుర్తుకు రాలేదు. నేను తడబడటం చూసి నవ్వాడు. నవ్వేటప్పుడు కుడి చెయ్యి పైకెత్తి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు గుర్తుపట్టాను.

మర్రిగూడ మండలంలో నా దగ్గర 1992లో పదో తరగతి చదివిన పిల్లవాడు. ఆ తరగతిలో ముప్పై ఎనిమిది మంది ఉండేవాళ్ళు. ముప్పై ఎనిమిది మందీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేవాళ్ళు. పళ్ళ మీద గోధుమ రంగు గీతలు, గుంటలు. నేను కొత్తగా వెళ్ళినప్పుడు అది ఆ ఊరి పిల్లల సిగ్గు అనుకున్నాను. వీడ్కోలు రోజు తీసిన ఫొటో నా దగ్గర ఇంకా ఉంది. అందులో పెదవులు విడిచి నవ్వింది నేనొక్కదాన్నే. ఆ ఫొటో చూడటానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు.

ఆ గీతలకు కారణం బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్. అది ఎక్కువైతే పళ్ళు పాడవుతాయి, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. తాగే నీటిలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా బడి బోరులో అది అంతకు ఎన్నో రెట్లు ఉండేది. నీళ్ళు కాచి తాగితే పోతుందని తల్లులు కట్టెలు తెచ్చి కాచేవాళ్ళు. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాళ్ళు పెరుగుతాయి. ఆ సంగతి నాకూ ఆలస్యంగానే తెలిసింది. అప్పటికి రెండేళ్ళుగా పిల్లలకు నేనే చెబుతున్నాను, కాచి తాగండి అని. ఆ బాధ నన్ను వదలదు. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు పటిక, సున్నం కలిపి నీటిని శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టి దానికి మన ఊరి పేరే పెట్టారు. నల్లగొండ పద్ధతి అనే పేరుతో అది టాంజానియా దాకా వెళ్ళింది. మా బడి దాకా మాత్రం నేనున్నన్నాళ్ళూ రాలేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది, ఆ మాట మనస్ఫూర్తిగా చెప్పాలి. సాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన నీరు కాలువల మీదుగా, కందూరు చోళుల కాలం నాటి మన పానగల్లు ఉదయసముద్రం చెరువుకు చేరుతోంది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ తాగునీటి పథకం తర్వాత ఊరూరికీ కృష్ణ నీరు వెళ్ళింది. ఆ షాపులో కూర్చునే కాలేజీ పిల్లలు నోరు తెరిచి, తల వెనక్కి వేసి నవ్వుతారు. వాళ్ళలో మునుగోడు పిల్లలూ ఉన్నారు, చండూరు పిల్లలూ ఉన్నారు. వాళ్ళు అలా నవ్వుతుంటే నేను పుస్తకం మూసి చూస్తూ ఉండిపోతాను.

కానీ నీళ్ళు మారినంత మాత్రాన ఎముకలు మారవు. పళ్ళు ఏర్పడే వయసులో పట్టిన మరక పోదు. బిగుసుకున్న వెన్ను వంగదు. ఆ నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, నలభై యాభై ఏళ్ళకే ముసలివాళ్ళై మన మధ్యే తిరుగుతున్నారు. నీళ్ళ సమస్య తీరిందని చెప్పుకున్న రోజు నుంచి వాళ్ళను చూడటం మానేశామేమోనని నా భయం.

కాఫీ షాపు నడిపే ఆ అమ్మాయి అతని కూతురే. అతను వచ్చిన మొదటి రోజు ఒక సంగతి గమనించాను. స్టీలు గ్లాసులో కాఫీ పోసి ఇస్తే తాగి, అడుగున రెండు వేళ్ళంత కాఫీ వదిలేశాడు. బాగా లేదేమో, కూతురి షాపు కనుక చెప్పలేకపోతున్నాడేమో అనుకున్నాను. మరుసటి వారం కూడా అంతే వదిలాడు. మూడోసారి పరీక్షగా చూశాను. గ్లాసు అడుగుకు వచ్చేసరికి తల వెనక్కి వాల్చాలి. అతని మెడ వాలదు. గ్లాసు అంచు ముక్కుకు తగులుతోంది. ఆ చివరి రెండు గుక్కలు అతను ఎన్నేళ్ళుగా వదిలేస్తున్నాడో! ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాతి గురువారానికి కూతురే కనిపెట్టి, వెడల్పాటి మూతి, తక్కువ లోతు ఉన్న కప్పు ఒకటి తెచ్చిపెట్టింది. అందులో అయితే తల ఎత్తకుండానే అడుగు దాకా తాగవచ్చు. అతను కప్పు ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, దాని వంక కాసేపు చూస్తూ కూర్చున్నాడు.

కుర్చీ కూడా అలా పుట్టిందే. ప్లాస్టిక్ కుర్చీ ఎత్తు తక్కువ, చేతులు వంగుతాయి. అందులో కూర్చుంటే అతను తనంతట తాను లేవలేడు, ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపాలి. నలుగురి ముందు అలా లేపించుకోవడం ఇష్టం లేక అతను ఎక్కడికి వెళ్ళినా నిలబడే ఉంటాడు. వడ్రంగిని పిలిచి కూతురు వేప చెక్కతో ఒక కుర్చీ చేయించింది. మొదట చేసిన దాని ఎత్తు పదిహేడు అంగుళాలు. అది చాలలేదు. మళ్ళీ కాళ్ళు మార్పించింది. ఇప్పుడు కిటికీ పక్కన ఉంటుంది. మీద ఏ బోర్డూ లేదు. షాపు నిండిపోయినా కాలేజీ పిల్లలు అందులో కూర్చోరు, పక్కన నిలబడి తాగి వెళ్తారు. గోడకు, మెట్ల దగ్గర ఒక ఇనుప కడ్డీ కూడా బిగించారు. తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకు చెప్పుకున్నారేమో, ఈ మధ్య అలాంటి వాళ్ళు ముగ్గురు నలుగురు వస్తున్నారు. ఆసుపత్రికి వచ్చిన ఒక పెద్దమ్మ బస్సుకు ఇంకా టైముందని అందులో కూర్చుని, ఏమీ తాగకుండానే కళ్ళు మూసుకుని అరగంట నిద్రపోయింది. ఎవరూ లేపలేదు.

ఇక నా విన్నపం. పోయిన నెల ఒక బ్యాంకులో నా పాత విద్యార్థి ఇంకొకడు కనిపించాడు. టోకెన్ నంబరు రావడానికి చాలాసేపు పట్టేలా ఉంది. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వరుసగా బిగించిన ఇనుప కుర్చీలు, వాటికి చేతులు లేవు. కూర్చో నాయనా అన్నాను. "వద్దు మేడమ్, కూర్చుంటే మీరు లేపాల్సి వస్తుంది" అన్నాడు. గంటన్నర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బయట చక్రాల కుర్చీల కోసం ర్యాంపు కట్టారు, సంతోషం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలు వచ్చిపోయే చోట్లు అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. కానీ నడవగలిగీ కూర్చోలేని మనిషి ఎవరి లెక్కలోకీ వచ్చినట్టు లేదు. మన జిల్లాలో అలాంటివాళ్ళు ఎక్కువ. కనుక ఈ సంగతి మనమే ముందుగా గ్రహించాలి.

నేను కాఫీ షాపులు పెట్టమనడం లేదు. టీ బండి వాళ్ళ పొట్ట కొట్టమని అసలే అనను, నా జీవితంలో సగం టీలు బండి దగ్గరే తాగాను. బ్యాంకులు, తపాలా కార్యాలయాలు, బస్సు స్టాండు, ఆసుపత్రి వరండా, రేషన్ దుకాణం, మందుల షాపు, టిఫిను సెంటరు, ఎక్కడైనా సరే చేతులున్న గట్టి కుర్చీ ఒక్కటి, మెట్లు ఉంటే పక్కన పట్టుకోవడానికి ఒక కడ్డీ, అంతే అడుగుతున్నాను. అదే వడ్రంగితో నేను నా పెన్షన్ డబ్బులతో రెండు కుర్చీలు చేయించాను. ఒక్కొక్కటి రెండువేల ఎనిమిది వందలు పడింది. ఒకటి మేము మందులు కొనే షాపులో పెట్టించాను. రెండోది ఆసుపత్రి గేటు దగ్గర టీ బండి అతనికి ఇచ్చాను. మొదట వద్దన్నాడు, జాగా లేదన్నాడు. ఇప్పుడు రాత్రి బండి కట్టేసేటప్పుడు వానకు నానుతుందని దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి మోసుకుపోతున్నాడు.

చేయించాలనుకునే వాళ్ళ కోసం కొలతలు ఇక్కడే రాస్తున్నాను, దయచేసి కత్తిరించకుండా అచ్చు వేయండి. కూర్చునే పలక నేల నుంచి పందొమ్మిది అంగుళాల ఎత్తు. వెడల్పు ఇరవై, లోతు పదహారు, అంతకు మించితే వీపు ఆనదు. చేతులు పలక మీద నుంచి తొమ్మిది అంగుళాలు పైకి, ముందు అంచు దాకా రావాలి, ఎందుకంటే లేచేటప్పుడు బరువు పడేది అక్కడే. ముందు కాళ్ళ మధ్య అడ్డకర్ర పెట్టవద్దు, పాదాలు కాస్త వెనక్కి లాక్కుంటేనే లేవగలరు. వెనక కాళ్ళు కొంచెం బయటికి వాలి ఉండాలి, లేకపోతే చేతుల మీద నొక్కినప్పుడు కుర్చీ వెనక్కి పడుతుంది. పలక మీద మెత్త వేయవద్దు, దిగబడితే ఎత్తు తగ్గుతుంది.

కుర్చీని కళ్ళారా చూసి చేయాలనుకునే వడ్రంగులు గురువారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య గడియారం స్తంభం దగ్గరికి వచ్చి, కిటికీ పక్కన చేతుల కుర్చీ ఉన్న కాఫీ షాపు ఎక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. నేను అక్కడే ఉంటాను. టేపు నా సంచిలో ఉంటుంది.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
రామగిరి, నల్లగొండ.